పద్దెనిమిదో ముడి

పానగల్,
6-5-1962.

యాదక్కా,

ఈ ఉత్తరం నిలబడి చదవకు, కూర్చో. నీ తమ్ముడికి కొలువైంది! అదీ ఎక్కడనుకున్నావు? నల్లగొండ కాలేజీ ఆఫీసులో. అవ్వ కొలువే నాకిచ్చారు. ముప్పై ఒక్క ఏళ్ళు మన సాలవ్వ కూర్చున్న ముక్కాలి పీట మీద నిన్నటి నుంచి ఈ పర్వతాలు కూర్చుంటున్నాడు.

పెద్ద గుమస్తా దశరథం గారు మన ఇంటికే మనిషిని పంపారు. "సాలమ్మ మనుమడొకడున్నడట గదా, రమ్మనుండ్రి" అన్నారట. బాపు గొర్లను వదిలేసి పరుగెత్తుకొచ్చి, నన్ను గుమ్మంలో నిలబెట్టి నూనె రాసి తల దువ్వాడు. ఇరవై ఏళ్ళవాడికి తల దువ్వడమేమిటని మొత్తుకుంటే వింటేనా! అమ్మ ఏడ్చింది, నవ్వింది, మళ్ళీ ఏడ్చింది.

అవ్వ పోయి మూడు నెలలైనా అక్కడ ఎవరి నోట విన్నా ఆమె మాటే అక్కా. లెక్కల సారు నన్ను చూడగానే "మీ అవ్వ గంట కొడితె నేను గడియారం సరిచేసుకుంటుంటి" అన్నారు. పరీక్షల నాడు వణికే పిల్లల నోట్లో బెల్లం ముక్క పెట్టి లోపలికి తోసేదట. ఒకసారి ప్రిన్సిపాల్ గారు సిరా ఒలకబోస్తే "ఏంది సారూ, పిండుకొచ్చిన పాలా ఏంది, గట్ల పారబోస్తివి?" అని కసిరిందట. ఆయనే ఈ సంగతి చెప్పి పగలబడి నవ్వారు. నవ్వాక అద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

ఇంకో సంగతి తెలుసా? అవ్వను రిటైర్ చేయాలని రెండుసార్లు చూశారట. వయసు దాఖలా లేదు! ఎన్నేళ్ళు అని అడిగితే "మా తెల్లబొల్లి గొర్రె తల్లి పుట్టిన ఏడు పుట్టిన" అందట. ఆ గొర్రెకు దాఖలా ఎక్కడ దొరుకుతుంది? కాగితం మూసి పక్కన పెట్టారు.

నా పని గంట కొట్టడం, నీళ్ళు పెట్టడం, రికార్డు గది చూసుకోవడం. ఆ గదిలో మూడు వందల చిల్లర కట్టలున్నాయి. పిల్లలు బడిలో చేరిన నాటి కాగితాలన్నీ, కాలేజీ కాక ముందు అది ఉర్దూ బడిగా ఉన్నప్పటి నుంచి, అవ్వ గుడ్డల్లో చుట్టి తాను పేనిన ఉన్ని దారాలతో కట్టింది. గది తలుపు తీస్తే వేపాకు వాసన, ఉన్ని వాసన. అవ్వ కొంగు వాసనే అనుకో.

బావకు చెప్పు, ఇక నన్ను గొర్లకాపరీ అని పిలిస్తే పలకనని.

నీ తమ్ముడు,
పర్వతాలు, కాలేజీ నౌకరు.


మహబూబ్‌నగర్,
11-5-1962.

కాలేజీ నౌకరు గారికి అక్క దీవెనలు!

ఓరి పర్వతాలూ, నీ ఉత్తరం కూర్చునే చదివాను, చదివి లేచి గంతులేశాను. పక్కింటి ఆమె ఏమైందోనని తొంగిచూసింది. మీ బావ జిన్నింగు మిల్లు నుంచి రాగానే మొత్తం రెండుసార్లు చదివి వినిపించాను. "గొర్లకాపరీ అని పిలిస్తె పలకడా? అయితె పొట్టేలా అని పిలుస్త" అన్నాడు. నువ్వే చూసుకో.

ఇప్పుడు నా సంగతి విను. నాకూ కాళ్ళు భూమ్మీద ఆగడం లేదు. ఇక్కడ ఆడవాళ్ళకు పంతులమ్మ ట్రైనింగ్ ఇచ్చే బడి ఉంది. ఎనిమిదో తరగతి చదివితే చాలు, రెండేళ్ళు. మీ బావే కనుక్కొచ్చి, "పో, అడుగు, అడిగితె పోయేదేముంది" అని తోశాడు. పెద్ద పంతులమ్మ లీలమ్మ గారు నన్ను చదివించి, లెక్కలు చేయించి, "నీకు సీటు ఇస్త. కాని పుట్టిన తేదీకి దాఖలా కావాలె" అన్నారు. నేను మొదట బడిలో చేరిన నాటి కాగితానికి నకలు, కాలేజీ ముద్రతో, జూన్ పదిహేనులోగా ఆమె చేతిలో పెట్టాలి. పెట్టకపోతే ఆ సీటు ఇంకొకరికి. వచ్చే ఏడాదికి నా వయసు దాటిపోతుంది, మళ్ళీ అవకాశం లేదు.

ఆ కాగితం నీ గదిలోనే ఉంది తమ్మీ! 1947 జూన్‌లో చేరాను నేను. అది మగపిల్లల బడి. నాకు ఏడేళ్ళు. అవ్వ నన్ను చంకనేసుకుని పానగల్ నుంచి నడిచి, హెడ్మాస్టరు బల్ల ముందు దించి, "గంట నేను కొడత, గీ పిల్ల లోపల కూసుంటది. గంతే" అంది. ఆయన కాదు కూడదు అంటే గంట కర్ర బల్ల మీద పెట్టేసి, "అయితె గంట గూడ మీరే కొట్టుకోండ్రి" అంది. ఆఖరికి ఆయనే కాగితం తీశాడు. అవ్వ వేలిముద్ర వేసింది. ఆమె బొటనవేలు మీద బొచ్చు కత్తెర గాటు ఉండేది కదా, అడ్డంగా, ఆ గాటు కాగితం మీద తెల్ల గీతలా పడింది. నేను దాన్నే చూస్తూ నిలబడ్డాను. నాకు గుర్తున్న మొదటి కాగితం అదే.

"నువ్వు పంతులమ్మవైతె నేను నీ బడిల గంట కొడత" అనేది. గంట కొట్టడానికి ఆమె లేదు. పంతులమ్మనన్నా అవుతాను. ఆ ఒక్క కాగితం వెతికి పంపు. నీకు చేతులెత్తి మొక్కుతాను, వద్దులే, చిన్నవాడివి, ఒక జత బట్టలు కుట్టిస్తాను.

అక్క,
యాదలక్ష్మి.


పానగల్,
16-5-1962.

కాబోయే పంతులమ్మా,

బట్టల కొలతలు పంపించనా? ఆ కాగితం దొరికినట్టే అనుకో. నీ తమ్ముడు రికార్డు గదికి రాజు.

చిన్న చిక్కు మాత్రం ఉంది. పోయిన ఏడాది కొత్త కట్టడంలోకి మారినప్పుడు ఈ కట్టలను బండ్ల మీద తెచ్చి దొరికిన చోట దొరికినట్టు పెట్టారు. పైన అంటించిన చీటీలను చెద తినేసింది. ఏ కట్ట ఏ ఏడాదిదో పైకి తెలియదు. విప్పి చూస్తే పాతవన్నీ ఉర్దూ, నాకు అక్షరం ముక్క రాదు. దశరథం గారికి వచ్చు కాని ఆయన నెత్తి మీద కొత్త అడ్మిషన్ల పని. "ఒక్క కట్ట సదవాలంటె నాకు పూట పడ్తది పర్వతాలూ. మీ అవ్వ ఉంటె చేయి పెట్టి తీస్తుండె" అంటారు. నిజమేనట. ఎవరైనా పాత విద్యార్థి వచ్చి నిలబడితే మొహం చూసి, "ఓ నకిరేకల్ పొడుగోడా" అని, లోపలికి పోయి, ఆ కట్టే తెచ్చేదట. చదువు రాని మనిషి! ఎలాగో ఎవరికీ తెలియదు.

ఫికర్ చేయకు. నేనూ చేయి పెట్టి తీస్తాను.

అన్నట్టు, గదిని ఒక దారికి తెస్తున్నాను. అవ్వ కట్టిన ఉన్ని దారాలు మాసి, చిక్కులు పడి, ముళ్ళు ముళ్ళుగా వేలాడుతున్నాయి. ఆఫీసులో కొత్త తెల్ల నాడా చుట్టలు ఊరికే పడి ఉన్నాయి. తలుపు పక్క మొదటి అల్మారాలోని నలభై కట్టలకు పాత దారాలు ఊడదీసి, తెల్ల నాడా కట్టాను. పెళ్ళికొడుకుల్లా ఉన్నాయి! ప్రిన్సిపాల్ గారు చూసి తల ఊపారు.

ఆ దారాలు పారేయడానికి మనసొప్పలేదు. అవ్వ తన చేత్తో పేనిన నల్లగొర్రె ఉన్ని కదా. అవ్వ గొంగడి నీ దగ్గరే ఉంది, దానికి పొయ్యి దగ్గర కాలిన చిల్లు ఉందన్నావు. నలభై దారాలు పార్శిల్లో పంపుతున్నాను. చిల్లు కుట్టుకో. అవ్వ గొంగడికి అవ్వ దారమే!

తమ్ముడు,
పర్వతాలు.


మహబూబ్‌నగర్,
23-5-1962.

తమ్మీ,

నువ్వింత తెలివిగలవాడివని నాకు తెలియదు. పార్శిల్ విప్పగానే ఇల్లంతా అవ్వ వాసన. ఆ దారాలను ముఖానికి అదుముకుని ఏడ్చాను. సంతోషంతోనే, ఫికర్ పడకు.

రెండు మధ్యాహ్నాలు కూర్చుని ముళ్ళన్నీ విప్పాను. అబ్బ, ఎన్ని ముళ్ళురా! ముసలామెకు కళ్ళు కనిపించక వేసిందో, చేతులు వణికి వేసిందో, ఒక్కో దారానికి ఇరవై, ముప్పై. గొర్ల ఇంట పుట్టినదాన్ని కదా, చేతులు పని చేస్తుంటే నోరు దానంతట అదే లెక్కపెడుతుంది. మీ బావ విని, "నీ గొర్లు తప్పిపోయినయా ఏంది?" అని నవ్వాడు. అన్నీ విప్పి, సాపు చేసి, చిల్లు ఎంత బాగా కుట్టానంటే వెతికినా దొరకదు. ఆఖరి దారం ఒక్కటే మొండికేసింది. అందులో ఒక ముడి లావుగా, మెలికపడి, గోటికి రాలేదు, పంటికి రాలేదు. విసుగొచ్చి దాన్ని ఉన్నదున్నట్టే గొంగడి మూలకు కుట్టేశాను. చిన్న కుచ్చులా వేలాడుతోంది, బాగానే ఉంది.

మరి కాగితం? వారం దాటింది, నీ దగ్గర నుంచి ఆ ఊసే లేదు. లీలమ్మ గారు నిన్న కూడా అడిగారు. రాజు గారు సింహాసనం దిగి జర వెతకాలి.

అక్క,
యాదలక్ష్మి.


పానగల్,
24-5-1962.

అక్కా, అక్కా,

ముందు ఇది విను: ఆ దారాలను ముట్టకు! పార్శిల్ విప్పకపోతే విప్పకు. విప్పితే అలాగే మూటగట్టి వాపసు పంపు. ఒక్క ముడి కూడా కదిలించకు. ఎందుకో చెబుతాను, హడావిడిగా రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే కోప్పడకు.

నేను ఊరుకోలేదు అక్కా. మిగిలిన కట్టల దారాలు చూస్తూ చూస్తూ, ఈ ముళ్ళకు ఏదో అర్థం ఉండాలి అనిపించింది. నా బుర్రకు తట్టిందేమిటంటే, ముళ్ళ లెక్కే ఏడాది లెక్క అని. నలభై ఏడు ముళ్ళుంటే 1947! గదంతా వెతికాను. దొరికింది! సరిగ్గా నలభై ఏడు ముళ్ళ కట్ట. గంతులేస్తూ తీసుకుపోయి దశరథం గారి బల్ల మీద పెట్టాను. ఆయన విప్పి చూసి, "ఇరవై ఏండ్ల కిందటి మ్యాట్రిక్ పోరగాండ్లు రా గీళ్ళు. మీ అక్క గిందుల మీసాలతోని ఉన్నదా?" అన్నారు. ఆఫీసంతా నవ్వు. నాకు తల తీసేసినట్టయింది. కాని కాగితాలు మళ్ళీ కట్టేటప్పుడు లెక్కపెడితే అవి సరిగ్గా నలభై ఏడు! పిల్లవాడికొక ముడి అన్నమాట. దాంతో ఏం లాభం, ఏడాది తెలియదు కదా అని కూర్చున్నాను.

నిన్న బాపు నాకు సద్ది ఇవ్వడానికి కాలేజీకి వచ్చాడు. ఎన్నడూ గడప తొక్కని మనిషి, రికార్డు గదిలోకి వచ్చి ఒక దారం పట్టుకుని నిలబడిపోయాడు.

"గిదేందిరా, మీ తాత పట్టీ గిక్కడికెట్లొచ్చె?" అన్నాడు.

"పట్టీ ఏంది బాపూ? కట్టలు కట్టిన దారాలు గవి."

"నీ తెలివి సల్లగుండ! మీ తాత బీరన్నకు సదువు రాకపాయె. మందల పిల్ల పుట్టినప్పుడల్లా ఉన్ని దారానికి ఒక ముడి ఏసుకుంట పోతుండె. పొట్టేలు పిల్లయితె ఒంటి ముడి, ఆడదయితె జంట ముడి. అవ్వ గదే పట్టీ గీడ పట్టింది."

"ఆడదానికి జంట ముడెందుకు?"

బాపు నన్నో వెర్రివాణ్ణి చూసినట్టు చూశాడు. "అది ఒక్కతి గాదు బిడ్డా. దాని ఎనక మంద ఉంటది" అన్నాడు.

అక్కా, నాకు అప్పుడు తట్టింది! ఆ ఉర్దూ బడిలో ఆడపిల్లవు నువ్వొక్కతివే. అంటే ఉర్దూ కాగితాల కట్టల్లో ఎక్కడో ఒక్క దారానికి ఒకే ఒక్క జంట ముడి ఉండాలి. అదే నువ్వు! నేనూ బాపూ కలిసి సాయంత్రం దాకా ప్రతి దారమూ తడిమాము. జంట ముళ్ళు ఉన్నాయి, చాలా ఉన్నాయి, కాని అన్నీ తర్వాత వచ్చిన తెలుగు కాగితాల కట్టలకే. ఉర్దూ కట్టల్లో ఒక్కటీ లేదు.

ఇక మిగిలింది నేను నాడా కట్టిన ఆ నలభై. నీ కట్టకు నేనే, నా చేతులతోనే, గుర్తు ఊడదీశాను అక్కా. ఏ దారం ఏ కట్టదో రాసి పెట్టుకోలేదు. ఆ నలభైలో ఒక్కో కట్ట దశరథం గారు చదవాలంటే జూన్ పదిహేను ఎప్పుడో దాటిపోతుంది. గాటున్న వేలిముద్ర కోసం వెయ్యికి పైగా కాగితాలు ఒక్కొక్కటీ తీసి చూస్తానంటే, పాతవి, చిరుగుతాయని ఆయన వద్దన్నారు. దారాలు వస్తే ముళ్ళు లెక్కపెట్టి, అన్ని కాగితాలున్న కట్ట వెతుకుతాను. వెంటనే పంపు. తిట్టదలుచుకుంటే తర్వాత తిట్టు.

పర్వతాలు.


మహబూబ్‌నగర్,
28-5-1962.

ఓరి నీ నాడాలు మన్నువడ! పెండ్లికొడుకులట, పెండ్లికొడుకులు! ముప్పై ఒక్క ఏండ్లు అవ్వ కట్టిన పట్టీని రెండు రోజులల్ల ఊడపీకితివి గదరా! జర బాపును అడిగితె నీ సొమ్మేం పోయింది?

నిన్ను తిడుతున్నాను కాని నన్ను ఎవరు తిట్టాలి? నీ ఉత్తరమూ నా ఉత్తరమూ దారిలో ఎదురెదురు పోయాయి. నాది చదివే ఉంటావు. విప్పేశాను తమ్మీ. అన్నీ విప్పేశాను. చేతులు వణికి వేసిందని కూడా రాశాను, అవ్వ నన్ను క్షమించాలి. ఆమె చేతులు ఎన్నడు వణికాయి? నీ ఉత్తరం చదివి గొంగడి ఒళ్ళో వేసుకుని ఏడుస్తుంటే మీ బావ వచ్చాడు. సంగతి విని, గొంగడి మూల పట్టుకుని, "గీ రాని ముడి సంగతేంది మరి?" అన్నాడు.

ఆ రాని ముడి! చదువు తక్కువ మనిషి, నాకంటే ముందు ఆయనకు తట్టింది. దీపం దగ్గరకు తెచ్చి చూశాను. జంట ముడి! ఒకదాని మీద ఒకటి, మెలిక వేసి బిగించింది. నలభై దారాల్లో ఇదొక్కటే. పర్వతాలూ, నేను పంటితో పీకింది నన్నే!

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. నేను విప్పుతూ లెక్కపెట్టాను కదా, ఈ మొండి దారం లెక్క నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే అక్కడే ఆగిపోయి విసుక్కున్నాను. పదిహేడు ఒంటి ముళ్ళు విప్పాను. పద్దెనిమిదోది ఇది. దీని తర్వాత అయిదు ఒంటి ముళ్ళు ఇంకా అలాగే ఉన్నాయి. మొత్తం ఇరవై మూడు. నీ నలభై కట్టల్లో ఇరవై మూడు కాగితాలున్న కట్ట వెతుకు. అందులో పద్దెనిమిదోది నాది. చదవడం రాకపోతే ఏం, లెక్కపెట్టడం వచ్చు కదా! అవ్వకు మాత్రం ఏం వచ్చింది?

దొరికాక బొటనవేలు చూడు. గాటు ఉంటే అదే. ఇంకో కాగితం పంపావో, నిన్ను గొర్లలో కలిపేస్తాను.

యాదలక్ష్మి.


నల్లగొండ, కాలేజీ ఆఫీసు నుంచే,
1-6-1962.

దొరికింది దొరికింది దొరికింది!

అక్కా, గంట కొట్టాల్సిన వేళ దాటిపోయింది, కొట్టనే లేదు. ఎవరూ ఏమీ అనలేదు. అందరూ నా చుట్టే నిలబడి ఉన్నారు.

పొద్దున్నే నీ ఉత్తరం అందింది. నలభై కట్టలూ నేల మీద పరిచి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ముప్పై ఒకటి, పందొమ్మిది, నలభై, ఇరవై రెండు! ఇరవై రెండు దగ్గర ఆగి మళ్ళీ లెక్కపెట్టాను, ఇరవై రెండే. ఇరవై ఆరో కట్ట ఇరవై మూడు. మూడుసార్లు లెక్కపెట్టాను. పై నుంచి పద్దెనిమిదో కాగితం తీసి వేలిముద్ర చూశాను. గాటు లేదు! శుభ్రంగా, గుండ్రంగా, ఎవరిదో వేలు. దశరథం గారు కూడా వచ్చి వంగి చూసి, "మగపిల్లగాడు రా" అని మెల్లగా చెప్పి నా భుజం తట్టారు.

అప్పుడు నాకు అవ్వ కనిపించింది అక్కా, నిజంగా కనిపించినట్టే. ఇంట్లో పిడకలు ఎలా పేర్చేదో గుర్తుందా? ముందు చేసినవి అడుగున, కొత్తవి పైన. ముందు చేరిన పిల్లవాడి కాగితం అడుగున ఉంటుంది! కట్ట బోర్లించి కింది నుంచి లెక్కపెట్టాను. పదహారు, పదిహేడు, పద్దెనిమిది.

అడ్డంగా తెల్ల గీత అక్కా. పదిహేనేళ్ళయినా అలాగే ఉంది. నేను వేలు పెట్టి చూసుకున్నాను, అవ్వ వేలు నా వేలి కంటే పెద్దది.

దశరథం గారు కాగితం అందుకుని గట్టిగా చదివారు. పిల్ల పేరు యాదలక్ష్మి, తండ్రి ఐలేశం, పానగల్. పుట్టిన నాడు అన్న చోట హెడ్మాస్టరు పాపం రెండు వరుసలు రాశాడు: "అవ్వ చెప్పినది: గొర్ల బొచ్చు కత్తిరించిన దినాలు, మొదటి వాన పడి మూడు రోజులు. విచారించి నిర్ణయించిన తేదీ 11 జూన్ 1940." కింద ఇంకో వరుస ఉంది. "పిల్ల బాధ్యత చప్రాసీ సాలమ్మది. పిల్ల బడి మానితే తానూ కొలువు మానుతానని చెప్పినది."

ఆ వరుసను దశరథం గారు రెండుసార్లు చదివారు, రెండోసారి మెల్లగా.

నకలు రాయించి, ముద్ర వేయించి, ప్రిన్సిపాల్ గారే సంతకం చేసి, ఈ ఉత్తరంతో రిజిస్టరు చేయిస్తున్నాను. అసలు కాగితం ఎవరికీ ఇవ్వం, అది కాలేజీది. కావాలంటే వచ్చి చూసుకో. ఇప్పుడు పోయి గంట కొడతాను, పిల్లలు ఇళ్ళకు పోవాలి కదా.

పర్వతాలు.


మహబూబ్‌నగర్,
6-6-1962. (కార్డు)

తమ్మీ, కాగితం అందింది, లీలమ్మ గారి చేతిలో పెట్టాను, సీటు నాదే! బొచ్చు కత్తిరించిన దినాలు అన్నది చదివి ఆమె నవ్వి నవ్వి, "గింత పక్కా దాఖలా నేనెన్నడు చూడలేదు" అన్నారు. జూలై ఒకటి నుంచి బడి. ఎక్కువ రాయడానికి కార్డులో జాగా లేదు. బట్టల కొలతలు పంపు. నాడాలు ఊడదీశావా లేదా?
యాద.


పానగల్,
12-6-1962.

పంతులమ్మ గారూ,

ఊడదీశాను. నలభై కట్టలకూ నేనూ బాపూ కూర్చుని కొత్త ఉన్ని దారాలు పేని, కాగితాలు లెక్కపెట్టి, మళ్ళీ ముళ్ళు వేశాము. నీ కట్టకు మాత్రం జంట ముడి బాపే వేశాడు, నన్ను వేయనివ్వలేదు. ఇక ఉన్ని దారం ఎవరూ ముట్టకూడదని దశరథం గారి హుకుం. దారాలను చూసి నేను కట్టల జాబితా తయారు చేస్తున్నాను, అదే ఇప్పుడు నా పని.

నీకొక సంగతి చెప్పాలి. జంట ముళ్ళను ఏడాదివారీగా లెక్కపెట్టాను. 1947లో ఒకటి. ఆ తర్వాత రెండేళ్ళు ఒక్కటీ లేదు, ఎందుకో నీకు తెలుసు, ఊళ్ళన్నీ అల్లకల్లోలం. 1950లో మూడు. 1953లో ఎనిమిది. కాలేజీ అయిన ఏడు ఇరవై రెండు. పోయిన ఏడాది, అవ్వ చివరిసారి కట్టిన కట్టల్లో, అరవై నాలుగు! అవ్వ ఎవరికీ చెప్పకుండా మంద లెక్క చూసుకుంటూ కూర్చుంది అక్కా. ఆ ముక్కాలి పీట మీద కూర్చుని అదంతా ఎంత సంబరంగా చూసి ఉంటుందో తలచుకుంటే నాకు కూర్చోబుద్ధి కాదు, లేచి తిరగాలనిపిస్తుంది.

భుజం పదిహేడు అంగుళాలు. ప్యాంటు కావాలి, పంచె వద్దు.

పర్వతాలు.


దేవరకద్ర దగ్గర పల్లె నుంచి,
18-6-1964.

తమ్మీ,

నిన్న నా బడి మొదటి రోజు. బడి అంటే చావడిలో సగం, ఇంకో సగంలో ఎవరివో నాగళ్ళు. గంట లేదు, విరిగిన నాగలి కర్రు వేలాడదీసి నేనే కొట్టాను. కొట్టేటప్పుడు ఎవరు గుర్తొచ్చారో నీకు చెప్పాలా?

పదకొండు మంది మగపిల్లలు వచ్చారు, ఇద్దరు ఆడపిల్లలు. కాగితాలన్నీ రాసి, కట్టకట్టి, గొంగడి మూల నుంచి ఒక పోగు తీసి ముళ్ళు వేశాను. నా జంట ముడి ఉన్న పోగు కాదు, దాన్ని ఎన్నటికీ తీయను. పదకొండు ఒంటివి, రెండు జంటవి. పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూశారు.

గోడ అవతల ఇంకో పిల్ల నిలబడింది. ఎనిమిదేళ్ళుంటాయి, చంకలో గొర్రెపిల్ల. రమ్మంటే రాదు, పొమ్మంటే పోదు. ఈ రోజు మధ్యాహ్నం వాళ్ళ ఇంటికి పోయాను. తల్లి గుర్వమ్మ, "పిల్ల బడికి పోతె గొర్రెపిల్లను ఎవలు సూస్తరు పంతులమ్మా?" అంది. నేను ఎన్నో మాటలు అనుకుని పోయాను, ట్రైనింగులో నేర్పిన మాటలు. ఒక్కటీ నోటికి రాలేదు. "దాన్ని గూడ తీసుకరమ్మను. గంట నేను కొడత, నీ బిడ్డ లోపల కూసుంటది. గంతే" అన్నాను. నా నోట్లోంచి ఆ గొంతు ఎలా వచ్చిందో నాకే తెలియదు. గుర్వమ్మ లోపలికి పోయి, పిల్లకు తల దువ్వడం మొదలుపెట్టింది.

రేపు మూడో జంట ముడి. ఆ పక్క వీధిలో ఇంకో ముగ్గురున్నారట, గుర్వమ్మే చెప్పింది. గొంగడి పోగులు తీస్తే చిల్లు పడుతుంది, నా దగ్గర వేరే దారం లేదు. ఈ ఏడు కత్తిరించిన ఉన్ని బాపు అమ్మకముందే పేనించి పంపించు. కొంచెం పంపి ఊరుకోకు, గంపెడు పంపు. ఆడపిల్లలకు దారం ఎక్కువ పడుతుంది.

అక్క,
యాదలక్ష్మి.